మూడు రోజుల ఏరు

ఒకానొక రాజ్యంలో ఒక ఏరుండేది. అది ఏడాదికి మూడు రోజులు మాత్రమే తేటగా పారేది. మిగతా రోజుల్లో ఒకనాడు ఎర్రగా, ఒకనాడు నీలంగా, ఇంకోనాడు పేరు తెలియని రంగులో పారేది. కారణం పెద్ద రహస్యమేం కాదు. ఊరికి ఎగువన రాజుగారి సొంత అద్దకశాల ఉంది. బట్టలు జాడించిన రంగునీళ్లన్నీ ఏట్లోకే వదిలేవారు.

రాజు ఉదయకేతుడికి మాత్రం తన రాజ్యంలో నీరు, గాలి, నేల మూడూ నిష్కళంకమని గొప్ప నమ్మకం. ఎందుకుండదు? ఏటేటా పరీక్ష జరిపించేవాడు. పరీక్షాధికారి విశ్వంభరాచార్యులు ఏనుగెక్కి ఊరేగింపుగా వచ్చి, వెండి చెంబుతో ఏటి నీళ్లు ముంచి చూసేవాడు. రాజోద్యానంలో చిటికెడు మట్టి తీసి నలిపేవాడు. చెవిలో అత్తరు దూది పెట్టుకునే గాలి పీల్చేవాడు. ఆపైన 'మూడూ శుద్ధం' అని తాటాకు మీద రాసి ముద్ర వేసేవాడు. అంతటి ఊరేగింపు చెప్పాపెట్టకుండా రాకూడదు కదా, అందుకని మూడు రోజుల ముందే దండోరా వేయించడం ఆనవాయితీ. దండోరా వినగానే అద్దకశాల తూములు మూసేవారు.

కొలువులో చమత్కారిగా పేరున్న వెంగన్నకు ఆ ఏడు కాలు ఒకచోట నిలవడం లేదు. ఏటి దిగువన ఉండే అతని అక్క అచ్చమ్మ పిల్లలిద్దరికీ ఒళ్లంతా పుండ్లు లేచాయి. చిన్నది అన్నం కూడా ముట్టడం లేదు. వెంగన్న ఆగలేక నిండు కొలువులో ఏటి నీళ్ల గురించి ఉన్న మాట చెప్పేశాడు.

రాజు మీసం సవరించుకున్నాడు. "పదేళ్ల తాటాకులున్నాయి నా దగ్గర. వాటిని నమ్మాలా, మీ అక్కను నమ్మాలా? ఈ మాట మళ్లీ ఎత్తావంటే నిన్ను దేశం దాటిస్తాను."

ఆనాటి నుంచి వెంగన్నకు తిండి సయించలేదు. కూర్చునేవాడు, లేచేవాడు, వీధి చివరిదాకా పోయి తిరిగొచ్చేవాడు. చివరకు అక్క ఇంటికి పోయి, "నా నోరు కట్టేశారక్కా" అని వాపోయాడు.

అచ్చమ్మ పిల్ల ఒంటికి పసుపు రాస్తూ, "నువ్వేమీ మాట్లాడొద్దులేరా తమ్ముడూ. ఆ దండోరా ఏదో రోజూ వేయించు, చాలు. అది మోగిన మూడు రోజులే మేం మంచినీళ్లు తాగేది" అంది.

వెంగన్న ఆమె ముఖంలోకి ఒక్క క్షణం చూశాడు. చెప్పులు వేసుకోవడం కూడా మరిచిపోయి కోటకు పరుగెత్తాడు.

"ప్రభూ, ఇంత ఘనమైన పరీక్ష ఏడాదికొక్కసారేనా? తమ జన్మదినం ఇంకా నెల ఉంది. అందాకా రోజూ దండోరా వేయించి రోజూ పరీక్ష జరిపిస్తే, ఆనాటికి ముప్పై తాటాకులు తమ ముందుంటాయి. ఏ రాజుకున్నాయి అన్ని?"

రాజు ఉబ్బిపోయి సరేనన్నాడు. రోజూ ఏనుగెక్కాలని విని ఆచార్యుల ముఖం వాడిపోయింది గానీ, రాజాజ్ఞ కాబట్టి ఎక్కాడు.

దండోరా రోజూ మోగింది. ఏరు రోజూ తేటగా పారింది. పిల్లల పుండ్లు మానుముఖం పట్టాయి. అయినా వెంగన్న మనసు కుదుటపడలేదు. రాజుకు విసుగొస్తేనో? ఆచార్యులు జ్వరమని పడుకుంటేనో? పొద్దున్నే ఒడ్డుకు పోయి నీటి రంగు చూసుకుంటేగాని అతనికి ఊపిరాడేది కాదు.

జన్మదినం రేపనగా రాజుకు కొత్త అంగీ కుట్టవలసిన ఎర్రపట్టు ఇంకా కోటకు రాలేదు. అద్దకశాల అధికారి నాగప్పను కొలువుకు పిలిపించారు.

"నెల కిందట ఇచ్చిన పట్టు ఇంకా తెల్లగానే ఉందేం?" అన్నాడు రాజు.

"ఏం చేసేది మహాప్రభూ, రోజూ పరీక్షేనాయె."

"పరీక్ష ఏటి నీళ్లకు కదా. నీ పనికేం అడ్డం?"

"రంగునీళ్లు వదలకుండా అద్దకం ఎలా సాగుతుంది ప్రభూ? వదిలితే ఆచార్యులవారి చెంబులోకి ఎర్రనీళ్లు రావూ?"

అనేశాక గాని నాగప్పకు తానేమన్నాడో తెలియలేదు. ఆచార్యులు తల దించుకున్నాడు.

రాజు వెంగన్న వైపు తిరిగాడు. "ఇది నీ పనేనా?"

వెంగన్న చేతులు కట్టుకుని, "ఆ మాట ఎత్తితే దేశం దాటిస్తానన్నారు, నేను ఎత్తలేదు ప్రభూ. తమరు అడిగారు, నాగప్పగారు చెప్పారు" అన్నాడు.

రాజు ముఖం కందగడ్డయింది. అయినా, ఏట్లో చుక్క రంగు కలవకుండా దారి చూసేదాకా అద్దకం ఆపమని ఆజ్ఞ ఇచ్చాడు. ఆచార్యుల దగ్గరున్న వెండి చెంబు తెప్పించి వెంగన్నకిచ్చాడు.

"ఇకనుంచి పరీక్షాధికారివి నువ్వే. సరే గాని, మళ్లీ పరీక్ష ఎప్పుడు?"

"చెప్పను ప్రభూ."

"నాక్కూడానా?"

"అద్దకశాల తమరిదే కదా ప్రభూ."

రాజు కొలువంతా దద్దరిల్లేలా నవ్వి, మెడలోని ముత్యాలహారం తీసి వెంగన్న మెడలో వేశాడు. మర్నాడు జన్మదినానికి పాత అంగీతోనే సింహాసనమెక్కాడు.