తుమ్మికలవలస బడి గుమ్మంలో బూట్లు

అన్నం తింటూ ఇది వినకండి, పొలమారిపోతుంది. ముద్ద మింగేసి, మంచినీళ్ళు తాగి, అప్పుడు వినండి.

తుమ్మికలవలసలో ముగ్గురు అన్నదమ్ములు. పెద్దాయన అప్పలసూరి, నడిపివాడు తవిటయ్య, చిన్నవాడు జోగులు. ముగ్గురికీ తలలు నెరిశాయి. వాళ్ళ తెలివంటే వాళ్ళకి ఎంత గర్వమో చెప్పలేను. ఎవరైనా పలకరిస్తే చాలు, అప్పలసూరి మీసం సవరించుకుని, దేవుడు మాకిచ్చిన తెలివి ఇచ్చినట్టే ఉందండీ, ఇంతవరకూ చిటికెడు కూడా ఖర్చుపెట్టలేదు అనేవాడు. అందులో అబద్ధం ఏమీ లేదు. బడి కమిటీకి పెద్దని ఎన్నుకునే రోజున ఊరంతా కోతల్లో ఉంది, వీళ్ళు ముగ్గురే అరుగు మీద ఉన్నారు. అంతే, అప్పలసూరి చైర్మన్ అయిపోయాడు.

ఆ బడికి ఒకటే గది, ఒకటే టీచరు, వసుంధర టీచరు. పిల్లలు ఇరవై ఒక్క మంది. ఒక మంగళవారం పూట చైర్మన్‌గారికి ఉత్తరం వచ్చింది. ఇంట్లో చదవడం వచ్చినది అప్పలసూరి మనవరాలు నీలవేణి ఒక్కతే, మూడో తరగతి. బస్సు బోర్డయినా, మందు సీసా అయినా, ఆ ఇంటికంతటికీ అదే కళ్ళు. అది కూడబలుక్కుంటూ చదివింది. వచ్చే సోమవారం ఆఫీసరుగారు వచ్చి పిల్లల్ని లెక్కపెడతారట. ఇరవై మందికి తగ్గితే బడి మూసేసి, వాగు అవతలి ఊరి బడిలో కలిపేస్తారట.

ఆ వాగు వానాకాలంలో నడుములోతు పారుతుంది. నీలవేణి తల్లి అప్పుడే చెప్పేసింది, వాగు దాటించి పిల్లని పంపేది లేదు, బడి పోతే ఇంట్లోనే ఉంటుందని. నీలవేణి ఉత్తరం మడతపెట్టి, "తాతా, నాకింకా భాగహారం రాలేదు. బడి ఉంచు" అంది.

తాత కళ్ళలో నీళ్ళు తిరిగాయి. దాని తల మీద చెయ్యేసి, ఈ బడి ఎక్కడికీ పోదు, ఇప్పుడు నా తెలివి బయటికి తీస్తాను అన్నాడు. కొంప మునిగింది అక్కడే.

మర్నాడు అన్నదమ్ములు ముగ్గురూ బడి కిటికీ పట్టుకుని నిలబడ్డారు. లోపల టీచరు బొమ్మల పుస్తకం తీసి, ఏయే దేశాల్లో పిల్లలు ఎలా చదువుకుంటారో చెప్తోంది. జపాన్‌లో బడిని పిల్లలే ఊడ్చి తుడుచుకుంటారు, బయటి బూట్లు గుమ్మంలో విప్పేసి లోపలికెళ్తారు. ఫిన్లాండ్‌లో ఏడేళ్ళు వస్తేగానీ బడిలో వెయ్యరు. ఆస్ట్రేలియాలో ఊరికి వందల మైళ్ళ దూరాన ఉండే పిల్లలకి ఇంట్లోనే రేడియోలో పాఠం చెప్పేవారు. చివర్లో ఆవిడ ఒక మాట అంది, అలాంటి బడులు కలకాలం ఉంటాయర్రా అని.

ఇంకేముంది. కిటికీ దగ్గర ముగ్గురూ మొహాలు చూసుకున్నారు. ముందు జపాన్ అన్నాడు అప్పలసూరి.

తీరా చూస్తే బడి అద్దంలా ఉంది, టీచరు పొద్దున్నే ఊడ్చేస్తుంది. మరి పిల్లలు ఊడవడానికి ఏముంది? దుమ్ము లేకుండా జపాన్ ఎలా అవుతుందన్నాడు తవిటయ్య. అంతే, మధ్యాహ్నం పిల్లలు అన్నాలకి వెళ్ళొచ్చేలోగా పొలం నుంచి రెండు బళ్ళ ఒండ్రుమట్టి తెచ్చి గదిలో పోసేశారు. బల్లలు మునిగాయి. నల్లబల్ల సగం కనిపించడంలేదు. పిల్లలు తట్టలు పట్టుకుని ఆ పూటా, మర్నాడు పొద్దుటిపూటా ఎత్తిపోస్తూనే ఉన్నారు. టీచరు నోరు తెరిచేలోగా మట్టే అడ్డం.

తర్వాత బూట్లు. మన పిల్లలు ఉత్త కాళ్ళతో వస్తారాయె. వేసుకోనివి ఎలా విప్పుతారు? జోగులు సంతకి పోయి ఇరవై ఒక్క జతలు తెచ్చాడు. అన్నీ ఒకటే కొలత, ఎనిమిదేళ్ళ పిల్లాడి కొలత. ఎందుకురా అంటే, ఒక బడి పిల్లలకి వేరే వేరే కొలతలుంటే తగువులొస్తాయన్నాడు. ఆ మధ్యాహ్నం నుంచి పిల్లలు ఉత్త కాళ్ళతో గుమ్మం దాకా వచ్చి, అక్కడ బూట్లు తొడుక్కుని, లేసులు కట్టుకుని, మళ్ళీ విప్పేసి లోపలికి వెళ్ళాలి. అప్పలసూరి కుర్చీ వేసుకుని ఒక్కొక్కళ్ళనీ చూస్తున్నాడు. చివరివాడు లోపలికి అడుగుపెట్టేసరికి బడి వదిలే గంట కొట్టారు. వాడు అలాగే వెనక్కి తిరిగాడు.

శుక్రవారం ఫిన్లాండ్. ఒకటో తరగతిలో నలుగురు ఆరేళ్ళ పిల్లలున్నారు. వాళ్ళ చేతులు పట్టుకుని ఇళ్ళకి తీసుకెళ్ళి, మీవాళ్ళు ఇంకా పండలేదమ్మా, ఏడు నిండాక పంపండి అని అప్పజెప్పేశారు. ఆ తల్లులకి మండింది. బడి పొమ్మందని చెప్పి, ఆ మధ్యాహ్నమే నలుగుర్నీ టౌన్లో ఇంగ్లీషు మీడియంలో చేర్చేశారు. పచ్చ వ్యాను వచ్చి ఎక్కించుకుపోయింది కూడా.

ఇరవై ఒకటిలో నాలుగు పోతే పదిహేడు. టీచరు తల పట్టుకుంది. అప్పలసూరి మాత్రం చెక్కుచెదరలేదు. ఇంకా ఆస్ట్రేలియా ఉందమ్మా, కంగారుపడకు అన్నాడు.

ఆ ఆస్ట్రేలియాకి వచ్చిన చిక్కేమిటంటే దూరం. మన పిల్లల ఇళ్ళన్నీ బడి చుట్టూనే, పిలిస్తే పలికేంత దగ్గర. ఇల్లు దూరంగా లేకపోతే రేడియో ఎలా పనిచేస్తుందని అన్నదమ్ములు రాత్రంతా మథనపడ్డారు. శనివారం తెల్లారేసరికి ట్రాక్టరు తెచ్చి, పదిహేడు మందినీ ఎక్కించి, దూరపు ఊళ్ళలో చుట్టాల ఇళ్ళన్నీ తిరిగి, ఇంటికి ఇద్దరు ముగ్గురు చొప్పున దించి, ఆ ఇంటి రేడియో చూపించి వచ్చేశారు. బడికొచ్చి ఖాళీ గదిలో టీచరుతో, "ఇంక చెప్పమ్మా పాఠం, అందరూ చాలా దూరంగా ఉన్నారు" అన్నాడు తవిటయ్య.

అక్కడేమో పిల్లలు పలకలు పట్టుకుని రేడియో ముందు బుద్ధిగా కూర్చుని, రెండు గంటలు వంగతోటకి పట్టే పురుగుల గురించి రాసుకున్నారట.

వసుంధర టీచరు గుమ్మంలో బూట్ల పక్కన కూలబడి ఏడ్చేసింది. "సూరి బాబాయ్, దండం పెడతాను, ఈ బడికి ఇంక ఏ మేలూ చెయ్యకండి. ఆ పిల్లల్ని నాకు తెచ్చివ్వండి చాలు" అంది.

ఆ మాట మాత్రం విన్నారు. ఆదివారం పొద్దుగూకేలోగా పదిహేడు మందినీ వెనక్కి తెచ్చారు. నీలవేణి ట్రాక్టరు దిగి వేళ్ళ మీద లెక్కేసింది. ముగ్గురు తక్కువ. దాని మొహం వాడిపోయింది. కాసేపటికి, "తాతా, మీరు ముగ్గురూ బడికి ఎప్పుడూ వెళ్ళలేదు కదా?" అంది ఊరికే.

వెళ్ళలేదమ్మా అన్నాడు తాత. అన్నాక తమ్ముళ్ళ వంక చూశాడు. తమ్ముళ్ళు ఆయన వంక చూశారు.

సోమవారం పొద్దున్నే ముగ్గురూ తలస్నానం చేసి, నూనె రాసి, పాపిడి తీసుకుని, పలకలు చంకన పెట్టుకుని బడికి బయల్దేరారు. పిల్లలు పదిహేడు మందీ లోపల కూర్చున్నారు. వీళ్ళు మాత్రం గుమ్మం దగ్గర ఆగిపోయారు. బూట్లు పట్టవే. ఎనిమిదేళ్ళ పిల్లాడి బూటులో అప్పలసూరి బొటనవేలు ఒక్కటే దూరింది. వెయ్యందే విప్పలేరు, విప్పందే లోపలికి వెళ్ళలేరు. చెమటలు కారుతున్నాయి.

ఈలోగా జీపు వచ్చింది. ఆఫీసరుగారు గుమ్మంలో అన్ని బూట్లు చూసి, ఇదేదో పద్ధతిగల బడిలా ఉందే అనుకుని, ఆయనా తన బూట్లు విప్పి లోపలికి వెళ్ళారు. లెక్కపెట్టారు. పదిహేడు. మళ్ళీ లెక్కపెట్టారు. పదిహేడే. కాగితం తీసి కలం మూత తీశారు. టీచరు గోడకి ఆనుకుంది. నీలవేణి కళ్ళు మూసుకుంది.

అప్పుడు గుమ్మంలోంచి అప్పలసూరి వచ్చి ఒకటో తరగతి వరసలో బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. ఆయన వెనకాల తవిటయ్య. కాస్త ఆగి జోగులు.

"ఎవరయ్యా మీరు?" అన్నారు ఆఫీసరుగారు.

"ఒకటో తరగతి సార్" అన్నాడు అప్పలసూరి. "ఏడేళ్ళు ఎప్పుడో నిండాయి, ఫిన్లాండ్ వాళ్ళని అడిగినా కాదనరు."

ఆయనకి బోధపడక గుచ్చి గుచ్చి అడిగారు. అడిగినదానికల్లా అన్నదమ్ములు దాచకుండా చెప్పారు. మట్టి సంగతి, బూట్ల సంగతి, నలుగురు పిల్లల్ని పండలేదని పంపేసిన సంగతి, వంగతోట పురుగుల సంగతి. ఆఫీసరుగారు ముందు కళ్ళజోడు తీశారు, తర్వాత నుదురు తుడుచుకున్నారు, చివరికి రుమాలు నోటికి అడ్డం పెట్టుకుని భుజాలు ఎగిరేలా నవ్వారు. నవ్వు ఆగాక తీసిన కాగితం చింపేశారు.

"అమ్మా," అన్నారు టీచరుతో, "ఏ ఊళ్ళో బడి మూసినా మూస్తాను గానీ, ఈ ఊళ్ళో మూసే పాపం నేను మూటగట్టుకోను. వీళ్ళ ముగ్గుర్నీ పొద్దుటే కూర్చోబెట్టి అక్షరాలు దిద్దించండి."

బడి నిలబడింది. నీలవేణి అక్కడికక్కడే భాగహారం లెక్క తీసి టీచరు ముందు పెట్టింది. అన్నదమ్ములు ఛాతీలు విరుచుకున్నారు, చూశారా జపాన్ మహిమ అని.

ఆఫీసరుగారు వెళ్ళొస్తానని గుమ్మంలోకి వచ్చారు. అటు చూశారు, ఇటు చూశారు. ఇరవై ఒక్క జతల చిన్న బూట్లున్నాయి, ఆయనవి లేవు.

జోగులు చేతులు కట్టుకుని ముందుకొచ్చాడు. మాకు పట్టిన బూట్లు మీవేనండీ, ఒకరి తర్వాత ఒకరం తొడుక్కుని, విప్పి, లోపలికి వచ్చామండీ అన్నాడు.

"సరేనయ్యా, ఇప్పుడెక్కడున్నాయి?"

"టౌన్‌కెళ్ళే పాలవ్యానులో మీ ఇంటికి పంపించేశాను సార్" అన్నాడు జోగులు. "మీరు ఇంటికెళ్ళాక గుమ్మంలో విప్పడానికి కావాలి కదా."