ఎర్రదీపం వంక చూసిన దుప్పులు

"నీ అరుపులు ఇంకెవడిక్కావాలి తాతా? పోయి ఎక్కడైనా హాయిగా పడుకో!"

కుర్ర దుప్పి గవర్రాజు కొమ్ములూపుతూ అన్న ఆ మాటకి తునికికోన అడవిలో తోటి దుప్పులన్నీ పకపకా నవ్వాయి. చెట్టు మీదున్న కొండముచ్చు నూకయ్య నవ్వలేదు. ఇన్నాళ్లూ పైనుంచి పులిని చూసి అరిచింది ఆయనే మరి. దుప్పుల గుంపులో పెద్దదైన ఎర్నమ్మ కూడా నవ్వలేదు.

సంగతేంటంటే, మనుషులొచ్చి గడ్డిలో ఓ స్తంభం పాతి వెళ్లారు. దాని నెత్తిన ఎండతో నడిచే దీపం. పులి దగ్గరికొస్తే ఎర్రగా వెలుగుతుంది.

"ఒరే, తాత అరవబట్టే కదరా నువ్వు ఇంతవాడివయ్యావు!" అంది ఎర్నమ్మ.

"అప్పుడు దీపం లేదు కదత్తా!"

నూకయ్య తనవాళ్లని తీసుకుని గుట్ట మీదికి వెళ్లిపోయాడు.

ఆ రోజు నుంచీ ఎర్నమ్మకి మేత సయించలేదు. ఇదివరకు పొద్దున్నే పైనుంచి సగం కొరికిన చిగుళ్లు రాలేవి. వాటితోపాటు కబుర్లూ రాలేవి. ఏ వాగు పొంగింది, ఎవరికి పిల్ల పుట్టింది, ఎవరు ఎవరి మీద అలిగారు! కింద దుప్పులు వాసన పట్టి, "పొదలో చిరుత ఉంది, దిగకండి" అని చెప్పేవి. ఇప్పుడో? కుర్ర దుప్పులు మేస్తూ మేస్తూ దీపం వంకే చూస్తాయి. పక్కదాని మొహం కూడా చూడవు.

శ్రావణంలో ముసురు పట్టింది. నాలుగు రోజులు ఎండ పొడే లేదు.

నాలుగో రోజు మధ్యాహ్నం గాలి మళ్లింది. ఎర్నమ్మ ముక్కుకి పులి వాసన తగిలింది. కాలితో నేలని దబదబా తన్నింది.

"పరిగెత్తండ్రా!"

ఒక్కటీ కదల్లేదు. అన్నీ తలెత్తి ముందు దీపం వంక చూశాయి.

"వెలగలేదు కదత్తా!" అన్నాడు గవర్రాజు.

అదే వాడి ఆఖరి మాట.

మిగిలినవాటిని వెంటబెట్టుకుని ఎర్నమ్మ వానలోనే గుట్టెక్కింది. "తప్పైపోయింది బాబాయ్," అంది.

"మా చిన్నదాన్ని చిరుత ఎత్తుకుపోయిందమ్మా. కింద వాసన చెప్పేవాళ్లు లేక," అన్నాడు నూకయ్య. తర్వాత కొమ్మ చివరికి జరిగి అడవి వైపు తిరిగి కూర్చున్నాడు. "పిల్లల్ని చెట్టు కిందికి తోలు. నేను చూస్తుంటాలే."

నీతి: యంత్రాన్ని వాడుకోవడం తప్పు కాదు, దాన్ని చూసుకుని తోటివాళ్లని వదులుకోవడమే తప్పు. ఇంతకీ చెప్పండి, దీపం వెలగని రోజున మీకోసం అరిచేవాళ్లు ఎవరున్నారు?