గుడిసె సుంకులమ్మ ఇంటిపేరు

ఊ కొడతానంటే చెబుతా. మధ్యలో లేవనంటే చెబుతా. మీరు లేచి వెళ్తే ఈ కథలో మనిషి మళ్ళీ దిక్కులేనిదవుతుంది.

వాన దారి మరిచిన కాలం. సీమలో కరువు జనానికి గంజి పోసే ఒక గంజికేంద్రం. అక్కడ పెరిగింది సుంకులమ్మ. ఊరు తెలీదు. అమ్మ మొహం తెలీదు. ఇంటిపేరు ఒక్కటే తెలుసు, గుడిసె. గంజి పోసేవాళ్ళు అలా పిలిచారు, అదే ఉండిపోయింది.

పెద్దల అమావాస్య వచ్చేది. ప్రతి ఇంట్లో అన్నం వండి, పోయినవాళ్ళను పేరుపేరునా పిలిచి ముద్ద పెట్టేవారు. పేరుపెట్టి పిలవకపోతే వాళ్ళు రారట, ఆకలితో తిరుగుతుంటారట. సుంకులమ్మ కూడా వండేది. ముద్ద చేతిలోకి తీసుకునేది. ఎవర్ని పిలవాలి? ముద్ద చేతిలోనే ఎండిపోయేది. కరువులో తినక చచ్చినవాళ్ళు, చచ్చాక కూడా తినకూడదా?

గుడిసె అన్న ఇంటిపేరువాళ్ళు ఎక్కడున్నారంటే అక్కడికి బయల్దేరింది.

మొదటి ఊళ్ళో, "నేనెవరి బిడ్డనో చెప్పండయ్యా" అంది. వాళ్ళు ముత్తాతల దాకా తలుచుకుని, మాలో ఎవరూ తప్పిపోలేదన్నారు.

రెండో ఊళ్ళో, "నేనెవరి బిడ్డనో చెప్పండయ్యా" అంది. పొలంలో వాటాకొచ్చిందనుకుని తలుపేశారు.

మూడో ఊళ్ళో గుడిసెవాళ్ళది పెద్ద మిద్దె. "గుడిసె అంటావు, మిద్దెకెందుకొచ్చినావే?" అని నవ్వింది ఆ ఇంటి ముసలామె. మజ్జిగ పోసి, పాత కాయితాలన్నీ పట్నంలో దఫ్తర్ గదిలో ఉంటాయని చెప్పి పంపింది.

దఫ్తర్ గదంటే సర్కారు కాయితాలు మూటలు కట్టి దాచే చోటు. దాన్ని చూసుకునేది మస్తాన్ సాహెబు. చదువురానిదానికి కాయితాలెందుకని పై అధికారి కసిరాడు. ఆమె ఆ గది ఊడ్చే పనికి కుదిరింది. మూట దులిపినప్పుడల్లా అడిగేది, నేనెవరి బిడ్డనో ఇందులో ఉందా సాహెబూ అని. ఆయన విప్పి చూసి, లేదమ్మా అనేవాడు. అడిగి అడిగి ఆమె జుట్టు నెరిసింది. నడుము వంగింది.

చివరికి గంజికేంద్రం మూట దొరికింది. సగం చెదలు తినేశాయి. మిగిలింది సాహెబు చదివాడు.

"గుడిసె సుంకులమ్మ. గుడిసె గంగడు. గుడిసె లింగి. గుడిసె బాలడు."

సుంకులమ్మ మొహం వెలిగింది. ఇంతమంది నావాళ్ళా అంది. ఇంకా చదవమంది.

"కొట్టం రంగడు." సాహెబు గొంతు తగ్గింది. "చెట్టుకింద ఓబి."

అక్కడ ఆపేశాడు. ఆమె చీపురు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

"మీ ఇంటిపేరేందని అడిగింటారు సాహెబూ. పసిబిడ్డలం. మా ఇల్లు ఎట్లుంటాదో చెప్పినాం."

ఆనాడు గంజికేంద్రంలో పేర్లు రాసుకున్న గుమాస్తా తలెత్తలేదు. ఎత్తి ఉంటే, ఎదురుగా ఉన్నది గుడిసెవాళ్ళ పిల్ల కాదు, గుడిసెలో పిల్ల అని తెలిసేది. మీ అమ్మ పేరేంటని ఇంకొక్క మాట అడిగేవాడు. అప్పటికి ఆ పిల్లకు గుర్తుండే ఉంటుంది.

ఆ ఏడు పెద్దల అమావాస్యకు సుంకులమ్మ వండలేదు. ఆ చలికాలం దాటలేదు.

ఇప్పటికీ ఆ వైపు పెద్దల అమావాస్యనాడు, తమవాళ్ళందర్నీ పిలిచాక, గడప బయట ఒక ముద్ద పెడతారు. "సుంకులమ్మా, నీవాళ్ళను పిల్చుకొని రా. గుడిసెలో వాళ్ళారా, చెట్టుకింద వాళ్ళారా, మీ పేర్లు మాకు తెలీవు, తినిపోండి" అంటారు.

తెల్లారి చూస్తే, ఎక్కువసార్లు ముద్ద అక్కడే ఎండిపోయి ఉంటుంది.