ఓబులక్క కప్పిన గుమ్మడిపాదు

ఓబులక్క పచ్చిగడ్డి వేసి గుమ్మడి మొలకల్ని చంపుకుంది. ఊళ్లో మిగిలిన విత్తనం ఆమె దగ్గరే ఉండేది.

వానలు ఆ సీమకు దారి మరిచిన కాలం నాటి మాట ఇది. ఆకలికి ఊరంతా విత్తనాలు కూడా వేయించుకుని తినేసింది. గడ్డి కోసుకుని బతికే ఓబులక్క మాత్రం గుప్పెడు గుమ్మడి గింజలు దాచింది. మూడు పాదులకు సరిపోతాయి.

మొదటి పాదులో గింజలేసి నీళ్లు పోసింది. పోసిన నీళ్లు ఎండ తాగేసింది. మొలకలు మాడిపోయాయి.

రెండో పాదుకు ఎండ తగలకూడదని, వాగులో కోసిన పచ్చిగడ్డి తెచ్చి మొదళ్ల మీద కుప్ప పోసింది. గడ్డి లోలోపల ఉడికింది. చెయ్యి పెడితే చురుక్కుమంది. మొలకలు కుళ్లిపోయాయి.

"ఏమ్మే ఓబులక్కా, మొక్కలకు దుప్పటి కప్పితివా, చితి పేరిస్తివా?" అంది పక్కింటి మారెక్క.

"చితే పేరిస్తి లే వదినా. ఇంకొక పాదు ఉండాది."

మూడో పాదుకు గడ్డిని ముందు ఎండబెట్టింది. పలచగా పరిచింది. మొదలు చుట్టూ చెయ్యి పట్టేంత చోటు వదిలింది. కొంత గడ్డి కుండలో నానేసి, ఆ నీళ్లే పోసింది. గడ్డి కింద మట్టి చెమ్మగా నిలిచింది. తీగ పాకింది.

కానీ వాగులో గడ్డి తరిగిపోతోంది. గుంజ దగ్గర ఓబులక్క ఆవు మేతకు అరుస్తోంది.

"ఆవును మాడ్చి మట్టికి మేపుతావా? తిక్క పట్టెనా నీకు?" అంది మారెక్క.

"ఆవు నాదొక్కదానిదే వదినా. గింజ అందరిదీ."

ఆవు పడిపోయిన రోజు ఓబులక్క పాదు దగ్గరికి పోలేదు. మర్నాడు పోయింది.

మూడు పిందెలు నిలిచాయి.

"ఒకటి కొయ్యే. పుల్లయిపోయినావు," అంది మారెక్క. ఈసారి ఎగతాళి లేదు.

"గింజ ముదిరేదాకా కొయ్యను."

కాయలు ముదిరేలోగా ఓబులక్కే పోయింది. మారెక్క ఆ కాయలు ముదిరాకే కోసి ఇంటింటికీ గింజలు పంచింది.

ఇప్పటికీ ఆ పక్క ఆడవాళ్లు ఎండిన గడ్డితో పాదు కప్పి, మొదలు చుట్టూ చోటు వదిలి, "ఓబులక్కా, ఇట్లేనా?" అని అడుగుతారు. మొదటి కాయను విత్తనానికి వదిలేస్తారు. లేతగానే కోయమని పిల్లలు మారాం చేస్తే పెద్దవాళ్లు ఒకటే చెబుతారు.

ఆమె కొయ్యనంది. కడుపు కాలినా కొయ్యలేదు.