కాకి వైద్యం, సూరమ్మ కునుకు

రేకుల పాక కింద సూరమ్మ అనే చూడి గేదె, దాని పక్క గుంజకి ఓ ముసలి ఎద్దు. సూరమ్మకి ఎనిమిదో నెల. ముళ్లకంచె గీరుకుని డొక్క మీద పుండు పడింది. చుట్టూ వాచి, సలపరించి, నిప్పులా కాలుతోంది. రాత్రంతా దోమలు. మధ్యాహ్నం కాస్త కన్ను మూతపడుతుందనగా కాకి దిగేది.

“వదినా, పడుకున్నావా? పుండు చూస్తానుండు. పురుగు పట్టిందేమో.”

“కాసేపు కునుకు తియ్యనీ మరిదీ.”

“కడుపుతో ఉన్నదానివి, ఊరికే వదిలేస్తానా?” అంటూ పొడిచేది. సూరమ్మ ఉలిక్కిపడి లేచేది. రోజుకి నాలుగుసార్లు ఇదే వైద్యం. వాపు మాత్రం తగ్గలేదు.

ఒకనాడు సూరమ్మ పచ్చగడ్డి ముందు నిలబడి కూడా మూతి పెట్టలేదు.

“తాతా, లోపల దూడ కదిలినా సంతోషం రావడం లేదు. అలిసిపోయాను.”

ఎద్దు నెమరు ఆపింది. “మా అమ్మా ఇలాగే కాలి పుండుతో, నిద్ర లేక మూడు నెలలు ఈడ్చింది. ఆ కాన్పులో పుట్టిన మా తమ్ముడు రోజూ మేత నుంచి వస్తూ పక్కవాళ్ల దొడ్లో దూరేవాడు. ఎన్ని దెబ్బలు తిన్నా మర్నాడు మళ్లీ అక్కడికే. ఇల్లు గుర్తుండేది కాదు పాపం.”

“నా దూడకీ అంతేనా?”

“అందరికీ అలా అవదమ్మా. కానీ తల్లి ఒంట్లో మంట, కంటికి లేని నిద్ర, కడుపులో బిడ్డ బుర్ర దాకా పోగలవు. ముందా కాకిని వదిలించుకో.”

“అది వైద్యం చేస్తోంది కదా?”

“ఎద్దు పుండు కాకికి ముద్దని ఊరికే అన్నారా? నమ్మకపోతే పుండు మానిందని చెప్పి చూడు.”

మధ్యాహ్నం సూరమ్మ పుండున్న డొక్కని గోడవైపు తిప్పి పడుకుంది. కాకి దిగింది.

“మానిపోయింది మరిదీ. ఇక రానక్కర్లేదు.”

“మానడమేంటి? పొద్దున్నేగా మళ్లీ కెలికి పెట్టాను!”

అనేశాక కాకి ముక్కు మూసుకుంది. అప్పటికే ఆలస్యమైంది.

“పోరా, వైద్యుడా!” అని సూరమ్మ కొమ్ము విసిరింది.

ఆనాటి నుంచి సూరమ్మ గోడవైపు తిరిగి పడుకుంటే, ఎద్దు తోక ఊపుతూ కాపలా కాసింది. యజమానురాలు వేపనూనె రాసింది. పుండు ఎండింది. సూరమ్మ నిద్రపోయింది. కానీ పోయిన నిద్ర మాటేమిటని లోపల దిగులు మిగిలింది.

పెయ్య పుట్టింది. పాలకోసం ముందు గుంజని నాకింది, తర్వాత ఎద్దు కాలుని. సూరమ్మకి ఎద్దు తమ్ముడు గుర్తొచ్చాడు. పెయ్యని మూతితో పొదుగు దగ్గరకి నెట్టింది. ఇంతలో కాకి వాలి, పెయ్య తడి ఆరని బొడ్డు మీద ఒక్క పోటు పొడిచి ఎగిరిపోయింది.

మర్నాడు నేల మీద కాకి నీడ కదిలింది. సూరమ్మ తల తిప్పేలోపే పెయ్య పరుగెత్తి తల్లి పొట్ట కిందికి దూరింది.

“తాతా, చూశావా?”

“చూశానే! గుర్తుపెట్టుకుంది.”

కాకి ఖాళీ ముక్కుతో రేకు మీద కూర్చుంది. సూరమ్మ ఇక దిగులు లేకుండా కళ్లు రెండూ మూసింది.

చూడితల్లి కునుకు చెడగొట్టేవాడు మందు తెచ్చినా గడప తొక్కనివ్వకూడదు.