మూడో పిలుపు

సన్యాసయ్య గురువుగారికి ఒక అలవాటు ఉండేది. శిష్యుడెవరైనా సందేహం అడిగితే కూర్చుని జవాబు చెప్పేవారు కాదు. మగ్గం గుంటలోంచి లేచి, కండువా దులిపి భుజాన వేసుకుని, "పద, అలా వెళ్ళొద్దాం" అనేవారు. దారిలో ఏది ఎదురైతే అదే జవాబు. ఏదీ ఎదురు కాకపోతే ఆ సందేహానికి ఇంకా వేళ రాలేదనుకుని ఇద్దరూ వెనక్కి తిరిగి వచ్చేవారు. పేరుకు సన్యాసయ్యే గాని ఆయనకు ఇల్లూ వాకిలీ, మనవలూ, నేతపనీ అన్నీ ఉన్నాయి. ఆ సముద్రతీరాన ఉన్న పల్లెల్లో ఆయన మాట మీద గురి ఉన్నవాళ్ళు చాలామంది.

వాళ్ళలో సత్యనారాయణ ఒకడు. హైస్కూల్లో లెక్కల మేష్టారు. ఒక ఆదివారం పొద్దున్నే వచ్చి, గుమ్మంలో చెప్పులు విడుస్తూనే అడిగేశాడు. పుట్టిన బిడ్డకు నలుగురికీ ఉన్న పేరు పెట్టడం మంచిదా, నలుగురిలో ఎవరికీ లేని పేరు పెట్టడం మంచిదా అని.

ఆ ప్రశ్న వెనక ఇంట్లో పెద్ద రభసే నడుస్తోంది. సత్యనారాయణకు పెళ్ళయిన చాలా ఏళ్ళకు కొడుకు పుట్టాడు. పిల్లలు నిలవక కుమిలిపోయిన రోజుల్లో అతని భార్య నూకరత్నం సింహాచలం వెళ్ళి, మగపిల్లవాడు పుడితే అప్పన్న పేరు పెట్టుకుంటానని మొక్కుకుంది. అతనికేమో ఆ పేరు వింటేనే ఒళ్ళు మంట. వీధిలో నిలబడి అప్పన్నా అంటే గేదెలు తోలుకుపోయేవాడి దగ్గర్నించి బస్సు కండక్టరు దాకా అందరూ తల తిప్పుతారు. తాను చిన్నప్పుడు పడింది చాలు. అతని తరగతిలో సత్యనారాయణలు ఎక్కువై పొట్టి సత్యం, పళ్ళ సత్యం అని విడదీసుకునేవారు. ఇతనికి చెప్పుకోదగ్గ వంకర ఏదీ లేక 'ఇంకో సత్యం' అన్నారు. ఒకసారి పద్యాల పోటీలో గెలిచి, బహుమతికి పేరు పిలిస్తే, పళ్ళ సత్యం వేదిక ఎక్కి తీసుకుపోయాడు. ఇతను బల్ల మీద కూర్చుని చూస్తూ ఉండిపోయాడు. తన కొడుకు ఎక్కడా ఇంకొకడు కాకూడదని వెతికి వెతికి 'ఋతంభర్' అన్న పేరు పట్టుకొచ్చాడు. ఆ పేరు నూకరత్నానికి నోరు తిరగలేదు. అప్పట్నించీ ఆమె అతనితో మాట్లాడటం మానేసింది. బారసాల దగ్గర పడుతోంది.

గురువుగారు అంతా విని కండువా అందుకున్నారు.

ఇద్దరూ ఇసక దారిన కొత్తరేవు వైపు నడిచారు. అది జాలరుల పేట. గురువుగారి పాత శిష్యుడు దానయ్య ఇల్లు అక్కడే. పేట మొదట్లో పోలమాంబ గుడి ఉంది. ఆ తల్లి చల్లని చూపు కోసం అక్కడ ఇంటింటా ఒక పోలయ్యో పోలమ్మో ఉంటారు. దగ్గరికి వెళ్ళేసరికి ఎప్పుడూ గలగలలాడే పేట అలికిడి లేకుండా ఉంది. ఆడవాళ్ళంతా నీళ్ళ అంచున ఇసకలో కూర్చుని ఉన్నారు. ఎవరూ ఏడవడం లేదు. సముద్రం వైపే చూస్తున్నారు.

సంగతి కిళ్ళీకొట్టు అతను చెప్పాడు. వేటకు వెళ్ళిన పడవల్లోంచి ఎవరో అతని సెల్లుకు ఫోను చేశారట. కెరటం లేచి పడవ అంచు తలకు తగిలిందనీ, పోలయ్య పోయాడనీ, తెస్తున్నామనీ అన్నారట. అంతలో లైను తెగిపోయింది. గాలి హోరులో గొంతు ఎవరిదో తెలియలేదు. మళ్ళీ చేస్తే కలవడం లేదు. ఆ వేళ పడవల మీద ఉన్న పోలయ్యలు ఒకరా ఇద్దరా? ఆ కూర్చున్న తల్లుల్లో ఎవరికి వాళ్ళు అది తమ వాడేనని అనుకుంటున్నారు.

సత్యనారాయణ ఆ తల్లుల ముఖాలు చూడలేక గురువుగారి పక్కకు వచ్చి నెమ్మదిగా అన్నాడు.

"చూశారా గురువుగారూ. ఎవరి పేరు వాళ్ళకుంటే ఇంతమందికి ఈ కడుపుకోత ఉండేది కాదు కదా."

"నిజమే" అన్నారు గురువుగారు. వెళ్ళి దానయ్య పక్కన ఇసకలో కూర్చున్నారు. దానయ్య కొడుకు కూడా పోలయ్యే.

పడవలు ఒక్కొక్కటే ఒడ్డుకు చేరుతున్నాయి. ఒక పోలయ్య మోకాలి లోతు నీళ్ళలోకి దూకి నడిచి వచ్చాడు. వాళ్ళమ్మ లేచి వాడి చెంపలు తడిమి చూసుకుంది. చూసుకుని వాణ్ణి ఇంటికి పొమ్మని, తాను మళ్ళీ వచ్చి ఆ ఆడవాళ్ళ మధ్యనే కూర్చుంది. తరవాత వచ్చిన పోలయ్య తల్లీ అంతే చేసింది. అది చూసి సత్యనారాయణ విస్తుపోయాడు. బతికి వచ్చిన బిడ్డను పట్టుకుని ఇంటికి పరుగెత్తకుండా వీళ్ళు ఇక్కడెందుకు కూర్చున్నారో అతనికి అర్థం కాలేదు.

ఆఖరి పడవలో వేటకు వెళ్ళింది ఇద్దరే, ఇద్దరూ పోలయ్యలే. ఒకడు దానయ్య, ఎర్రమ్మల కొడుకు. రెండోవాడు వాళ్ళ పక్కింటి కాసులమ్మ కొడుకు. కాసులమ్మ మొగుణ్ణి సముద్రం ఎప్పుడో తీసుకుపోయింది. ఆమెకు ఈ కొడుకొక్కడే. ఇద్దరూ ఒక ఈడువాళ్ళు, ఒకే గోడ నీడన ఆడుకుని పెరిగినవాళ్ళు. దూరాన్నించి పడవ మీద ఒకడే నిలబడి కనిపించాడు. ఆ నిలబడ్డది ఎవరో తెలియడానికి పడవ ఇంకా చాలా దగ్గరకు రావాలి. ఎర్రమ్మా కాసులమ్మా ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని చూస్తున్నారు.

కాసులమ్మ ముందు పోల్చుకుంది. పోల్చుకున్న మరుక్షణం రెండో చేత్తో తన నోరు గట్టిగా మూసుకుంది. లేవలేదు. ఒక్క మాట బయటికి రానివ్వలేదు. ఆ మూసుకున్న నోరు చూసి ఎర్రమ్మకు అంతా తెలిసిపోయింది.

పోలీసులూ పంచనామా ముగిసి శవం ఇంటికి చేరేసరికి మరునాడు మధ్యాహ్నమైంది. గురువుగారు పేటలోనే ఉండిపోయారు. సత్యనారాయణ ఇంటికి పోయి, ఉండబట్టలేక బడికి సెలవు పెట్టి మళ్ళీ వచ్చాడు. పాడె మోసినవాళ్ళలో కాసులమ్మ కొడుకు ఉన్నాడు. మిగిలిన పోలయ్యలు వంతులవారీగా మారుతున్నారు గాని వాడు మాత్రం భుజం మార్చనివ్వలేదు.

సగం దారిలో, సరుగుడు తోపు దగ్గర, చెవిలో మూడుసార్లు పేరు పిలిచే దింపుడుకళ్ళం కోసం పాడె దించారు. డప్పులు ఆపారు. దానయ్య, కొడుకు తల దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని, చెవి దగ్గరికి వంగి పిలిచాడు.

"పోలయ్యా."

గాలికి సరుగుడు చెట్ల రొద తప్ప ఏమీ లేదు. దానయ్య ఊపిరి తీసుకుని రెండోసారి పిలిచాడు. రొద అలాగే ఉంది. మూడోసారి ఆ ముసలాయన గొంతు ఆచారం మాట మరిచిపోయింది. చీకటిపడినా ఇల్లు చేరని బిడ్డను గుమ్మంలో నిలబడి కేకేసే తండ్రి గొంతయిపోయింది.

"ఒరే పోలయ్యా!"

"ఓయ్" అని పలికింది ఒక గొంతు.

లెక్కలు చెప్పుకుని బతికే సత్యనారాయణ, ఒక్క లిప్త పాటు, శవమే పలికిందని నమ్మాడు. డప్పు పట్టుకున్నతను రెండడుగులు వెనక్కి వేశాడు. అందరి చూపులూ పాడె మీది నుంచి మెల్లగా దాని కాళ్ళ వైపు నిలబడ్డ మనిషి మీదికి వెళ్ళాయి. కాసులమ్మ కొడుకు ముఖాన నెత్తుటిచుక్క లేదు. తన నోట్లోంచి వచ్చిన మాట తనకే తెలియనట్టు చూస్తున్నాడు. చిన్నప్పట్నించీ ఆ రెండిళ్ళలో ఏ గుమ్మంలోంచి ఆ పేరు వినబడ్డా, దగ్గరున్నవాడు పలకడం అలవాటు. ఆ అలవాటే పలికింది.

కీడు, కీడు అని గుసగుసలు బయలుదేరాయి. చచ్చినవాణ్ణి పిలిచిన పిలుపుకు బతికున్నవాడు పలికితే ఇక మృత్యువుకు వాడి ఆచూకీ తెలిసిపోయినట్టేనని వాళ్ళ నమ్మకం. కులపెద్ద కర్ర నేలకు కొట్టి ఏదో అనబోయాడు. దానయ్య లేచి నిలబడ్డాడు. కొడతాడనే అందరూ అనుకున్నారు. కుర్రవాడు కూడా అదే అనుకుని తల వంచాడు.

దానయ్య వాడి భుజం మీద చెయ్యి వేసి, మోసేవాళ్ళ వైపు తిరిగాడు.

"పలికినాడు గదా. ఎత్తండి" అన్నాడు.

ఆ సాయంత్రం స్నానాలయ్యాక కులపెద్దా మరి కొందరూ కాసులమ్మ గుమ్మం ముందు చేరారు. గురువుగారూ, సత్యనారాయణా ఒక పక్కన కూర్చున్నారు. పెద్ద చెప్పిన మాట ఒకటే. కుర్రవాడు మళ్ళీ సముద్రం మీదికి పోకముందే పేరు మార్చెయ్యాలి. పోలయ్య అన్నవాడు ఈ ఇంట లేడనిపించాలి. ఇరుగుపొరుగులో ఉన్న పేరు పెడితే మళ్ళీ ఇదే తంటా. చెప్పవలసింది చెప్పి ఆయన సత్యనారాయణ వైపు తిరిగాడు.

"మేష్టారూ, తమరు సదువుకున్నోరు. ఎవులికీ నేని పేరు ఒకటి సెప్పండి బాబూ."

సత్యనారాయణ ఉలిక్కిపడ్డాడు. ఎవరికీ లేని పేరు అతని నాలుక చివరే ఉంది. కొడుకు కోసం దాచుకున్నదే అయినా, ఒక ప్రాణం నిలబడుతుందంటే ఇచ్చెయ్యాలనిపించింది. ఆ కుర్రవాణ్ణి చూశాడు. ఆ పేరు పెట్టుకుని వాడు రేపు వల భుజాన వేసుకుని రేవుకు పోతే వాణ్ణి ఎవరెలా పిలుస్తారు? తెరిచిన నోరు మూసుకుని గురువుగారి వైపు చూశాడు. గురువుగారు ఎటో చూస్తున్నారు.

అంతలో పక్కింటి అరుగు మీంచి ఎర్రమ్మ లేచి వచ్చింది. నిన్నటి నుంచి ఎవరితోనూ పలకని మనిషి.

"మార్చెయ్యే కాసులూ. నా ఇంట్లో దీపం ఆరింది సాలు. నీ కొడుకునైనా ఉండనీ" అంది.

అందరూ ఊపిరి పీల్చుకున్నారు. బిడ్డను పోగొట్టుకున్న తల్లే చెప్పిన తరవాత ఇక అడ్డేముంది? కాసులమ్మ కొడుకు వంక చూసింది. ఆమెకు మొగుణ్ణి మింగిన సముద్రం అది. భయం లేదనడానికి వీల్లేదు, ఆమె చేతులు కొంగును నలిపేస్తున్నాయి.

"మార్చను" అంది. "ముప్పొద్దులా పిలిసిన నోరు నీది. రేపు నువ్వు మరిసిపోయి పోలయ్యా అని పిలిస్తే ఎవులు పలుకుతారే?"

ఎర్రమ్మ నిలబడ్డచోటే కూలబడిపోయింది. నిన్నటి నుంచి రాని ఏడుపు అప్పుడు వచ్చింది. కాసులమ్మ ఆమె పక్కన కూర్చుంది. కులపెద్ద తువ్వాలు దులుపుకుని లేచి వెళ్ళిపోయాడు. ఆ కుర్రవాడు ఇవాళ్టికీ పోలయ్యే. ఆ పేరుతోనే వేటకు పోతున్నాడు, వస్తున్నాడు. వాడు వచ్చేదాకా రెండు గుమ్మాల్లోనూ కళ్ళు కాయలు కాచి ఉంటాయి.

పొద్దు గుంకుతుండగా గురుశిష్యులు తిరుగుదారి పట్టారు. ఆ మూడో పిలుపూ, దానికి వచ్చిన జవాబూ సత్యనారాయణ చెవుల్లోంచి పోలేదు. ఇంటి మలుపు దగ్గర ఆగి, తల వంచుకుని అడిగాడు.

"అయితే గురువుగారూ, అందరికీ ఉన్న పేరే పెట్టమంటారా?"

"నేనెందుకంటాను? నీ కొడుకు, నీ ఇష్టం" అన్నారు గురువుగారు. నాలుగడుగులు వేసి వెనక్కి తిరిగారు. "కాకపోతే, పెట్టేముందు ఆ పేరుతో వీధిలో నిలబడి ఒక్క కేక వేసి చూడు."