వెనుకడుగు ఎరుగని రాజుగారి గేర్‌బాక్సు

ఏలడానికి ఏడూళ్ళు, ఎక్కడానికి ఒక్క మోటారు కారు ఉన్న చిత్రవరం రాజు జగ్గభూపతి ఒకనాడు కొలువు తీరగానే కిరీటం తీసి పక్కన పెట్టాడు. ఆయన కిరీటం తీశాడంటే తలనొప్పిగా ఉందని అర్థం. ఆ రోజు తలనొప్పి కారు తెచ్చిపెట్టింది.

ఆ కారుకి రెండు రాజాజ్ఞలున్నాయి. ప్రజలు కళ్ళారా చూసుకునేలా అది ఏనుగు నడక నడవాలి. రెండోది, అది ఎన్నడూ వెనక్కి పోకూడదు. జగ్గభూపతి వంశానికి 'వెనుకడుగు ఎరుగని' అనే బిరుదుంది మరి. కారు సందులో ఇరుక్కుంటే ఎదురుగా ఉన్న గోడ కూల్చి ముందుకే పోయేవారు. తొమ్మిదేళ్ళలో ఊళ్ళో పదకొండు గోడలు కూలాయి.

అలాంటి కారు నెల రోజులుగా రెండో గేరు పడగానే గేదెలా అరుస్తోంది. నిన్న నడిబజార్లో గేరు జారి నిలబడిపోయింది. ఎద్దులు కట్టి కోటకి లాక్కొచ్చారు. రాజుగారు దిగకుండా లోపలే కూర్చుని, అంతా తన ఆజ్ఞ ప్రకారమే జరుగుతున్నట్టు దండాలు అందుకుంటూ వచ్చాడు.

విజయదశమి ఊరేగింపు పది రోజుల్లో ఉంది. గేర్‌బాక్సుని మరమ్మతు చెయ్యాలా, మొత్తం విప్పి అన్నీ మార్చి తిరిగి కట్టాలా, పారేసి కొత్తది తెప్పించాలా తేల్చమన్నాడు రాజు. సేనాపతి కొరడా ఝళిపిస్తే సరిపోతుందన్నాడు. పురోహితుడు కారుకి శని పట్టిందన్నాడు.

అప్పుడు దివానుగారి బావమరిది కోదండపాణి లేచాడు. మద్రాసులో ఆరు నెలలుండి వచ్చిన మనిషి. అక్కడ ఏం వెలగబెట్టాడో ఎవరికీ తెలియదు గాని, వచ్చిన దగ్గర్నుంచి దొరల టోపీ పెట్టుకుని, మోటారు మాట ఎవరెత్తినా జాలిగా నవ్వేవాడు. బాక్సు విప్పి చూడ్డానికి రెండు రోజులు గడువు కావాలన్నాడు. షెడ్డులోకి ఎవరూ రాకూడదన్నాడు, ముఖ్యంగా డ్రైవరు సైదులు.

సైదులుకి కడుపు మండిపోయింది. తొమ్మిదేళ్ళుగా ఆ కారుని కడిగి తుడిచి, దాని దగ్గు, తుమ్ము తెలిసినవాడు. ఆ రెండు రోజులూ షెడ్డు గుమ్మంలోనే కూర్చుని చెవి ఒగ్గాడు. లోపల్నుంచి పానా చప్పుడు ఒక్కటీ రాలేదు. మధ్యాహ్నం పులిహోర పళ్ళెం లోపలికెళ్ళింది, కాసేపటికి గురక బయటికొచ్చింది.

మూడోనాడు కోదండపాణి కొలువులో తేల్చేశాడు. లోపల ఒక్క పళ్ళచక్రం కూడా మిగల్లేదట, అన్నీ అరిగి పోకచెక్కల్లా అయ్యాయట. కొత్త బాక్సు దొరల సీమ నుంచి ఓడలో రావాలట, అది వచ్చేదాకా తాను మద్రాసులో మకాం వెయ్యాలట. ఇంతకీ కారణం డ్రైవరు చేతకానితనమట.

సైదులు చేతులు కట్టుకుని, మార్చాల్సింది ఒక్క చక్రమేనని విన్నవించుకున్నాడు.

రాజుకి విసుగొచ్చింది. "మీ ఇద్దరిలో ఎవడి మాట తప్పయితే వాడు రేపట్నుంచి ఏనుగుశాలలో లద్ది ఎత్తాలి" అన్నాడు.

సైదులు కోదండపాణి వైపు వినయంగా తిరిగాడు.

"బాబుగారూ, కారుని వెనక్కి నడిపే చక్రం కూడా అరిగిందాండీ?"

"అదే అన్నిటికన్నా ఘోరం. వాడి వాడి నున్నగా చేసిపెట్టావు."

"తమరు కళ్ళారా చూశారా?"

"ఈ చేత్తో తడిమి చూశానురా."

సైదులు రాజు వైపు తిరిగి నేలదాకా వంగాడు.

"అయితే మహాప్రభో, ఈ తొమ్మిదేళ్ళలో తమరు ఎవరికి జడిసి అన్నిసార్లు వెనక్కి పారిపోయారో సెలవియ్యండి."

రాజు ముఖం జేవురించింది. చెయ్యి కత్తిపిడి మీదికి పోయింది. కాసేపు సైదులుని చూశాడు. ఆ తర్వాత చూపు మెల్లగా దొరల టోపీ మీదికి తిరిగింది.

కోదండపాణి ఇరకాటంలో పడ్డాడు. చూశానంటే రాజుగారి వంశ ప్రతిష్ఠ పోతుంది, చూళ్ళేదంటే తన బండారం బయటపడుతుంది. చివరికి టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు.

"మూత తియ్యలేదు ప్రభూ" అన్నాడు నేల చూపులు చూస్తూ.

ఒక్క చక్రమేనని నీకెలా తెలుసని రాజు సైదులుని అడిగాడు.

"తమరి ఆజ్ఞే చెప్పింది ప్రభూ. ఏనుగు నడక కోసం తొమ్మిదేళ్ళూ రెండో గేరులోనే నడిపాను. అరిగితే అదే అరగాలి. ఆ చక్రం మద్రాసు నుంచి రైలు పార్సిల్లో వారంలో వస్తుంది, మనిషి వెళ్ళక్కర్లేదు."

కొలువంతా షెడ్డుకి కదిలింది. సైదులు బోల్టులు విప్పి మూత ఎత్తాడు. రెండో గేరు చక్రం పళ్ళూడిన ముసలమ్మ నోరులా ఉంది. మిగతావన్నీ గట్టిగా ఉన్నాయి. వెనక్కి నడిపే చక్రమైతే నిన్న కొన్నట్టు తళతళలాడుతోంది. దాన్ని చూడగానే రాజు ఛాతీ రెండంగుళాలు పెరిగింది. తన వంశ చరిత్రకి ఇంత మంచి సాక్ష్యం ఆయన ఇంతవరకూ చూడలేదు.

తన చేతి కంకణం తీసి సైదులుకి తొడిగి, ఇంకేం కావాలో కోరుకోమన్నాడు.

సైదులు మూత బిగిస్తూ కాసేపు నసిగాడు. "వెనక్కి నడిపే ఆ చక్రాన్ని ఒక్కసారి వాడుకోనివ్వండి ప్రభూ. తొమ్మిదేళ్ళుగా నా చెయ్యి పీకుతోంది."

రాజు కనుబొమలు ముడిపడ్డాయి. వంశ మర్యాద మాటేమిటన్నాడు.

"తమరు ఎక్కొద్దు ప్రభూ. కోదండపాణిగారిని ఏనుగుశాల దగ్గర దింపి వస్తాను."

రాజు పగలబడి నవ్వాడు. ఆయన్ని చూసి కొలువంతా నవ్వింది, చివరికి దివాను కూడా పై కండువా నోటికి అడ్డం పెట్టుకున్నాడు. కారు చిన్న మూలుగైనా లేకుండా వెనక్కి కదిలింది. ఒళ్ళో టోపీ పెట్టుకున్న కోదండపాణి, నవ్వుతున్న కొలువుని కనుమరుగయ్యేదాకా ఎదురుగా చూస్తూనే వెళ్ళాల్సి వచ్చింది.